కింది హద్దు ఎవరు రాయాలి?

ఇంటి స్థలం రిజిస్ట్రేషన్ కాగితంలో నాలుగు హద్దులు ఉంటాయి. తూర్పున ఫలానా వారి స్థలం, దక్షిణాన వీధి, పడమర ఇంకొకరి ఇల్లు, ఉత్తరాన ఖాళీ జాగా. చెక్కుబందీ అంతటితో సరి. అడుగున ఏముందో ఏ దస్తావేజూ చెప్పదు. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసినా రాదు. వకీలు చూసే కాగితాల్లో ఉండదు, అప్పిచ్చే బ్యాంకు అడగదు. సంక్రాంతి వెళ్లి మాఘమాసపు ముహూర్తాలు మొదలయ్యాక నెల్లూరులోనూ, అక్కడి నుంచి సముద్రం దాకా పరుచుకున్న ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు, విడవలూరు, అల్లూరు మండలాల్లోనూ కొత్త ఇళ్లకు ముగ్గు పోస్తారు. జేసీబీ నాలుగడుగులు దిగాక ఒకచోట పాత మురుగు పైపు పగులుతుంది. ఇంకొకచోట కడప బండ విరిగి ఎప్పటిదో సెప్టిక్ గుంట బయటపడుతుంది. మరొకచోట ఎవరికీ తెలియని తూములోంచి నీరు ఊరి పిల్లర్ గుంత నిండిపోతుంది.

అప్పటికి కూలీలు వచ్చేసి ఉంటారు. జేసీబీకి గంట లెక్కన బాడుగ నడుస్తూ ఉంటుంది. కంకర, ఇనుము వీధిలో దిగి ఉంటాయి. ముహూర్తం దాటకూడదు. కాబట్టి పగిలిన పైపు నోట్లో గోనెసంచి కుక్కి, పైన కాస్త సిమెంటు పూసి పని కొనసాగిస్తారు. ఆ పైపు ఎవరి ఇంటి నుంచి వస్తోంది, ఎక్కడికి పోతోంది అని ఆగి చూసే తీరిక ఆ పూట ఎవరికీ ఉండదు. ఫలితం రెండు మూడు వానాకాలాల తర్వాత తెలుస్తుంది. ఎగువనున్న ఇంట్లో మరుగుదొడ్డి పొంగుతుంది, కొత్త ఇంటి వంటగది మూల గచ్చు కుంగుతుంది, రెండు కుటుంబాలు మాట్లాడుకోవడం మానేస్తాయి. మేస్త్రినో, ఇంటి యజమానినో తప్పుపడితే ఇది తీరే సమస్య కాదు. నేల కింద ప్రజల సొమ్ముతో వేసిన కాలువ ఎక్కడుందో చెప్పే బాధ్యత ప్రజా సంస్థలది. ఆ బాధ్యతను గడ్డపార మీదకు నెట్టేశాం.

నెల్లూరు కోస్తాలో ఈ ప్రశ్నకు పదును ఎక్కువ. ఇక్కడ ఊళ్లు పెరిగింది మెట్ట నేల మీద కాదు, మాగాణి మీద. పెన్న మీద 1855లో నెల్లూరు ఆనకట్ట, 1886లో సంగం ఆనకట్ట వచ్చాక జాఫర్ సాహెబ్ కాలువ, సర్వేపల్లి కాలువ వంటివి డెల్టా అంతటా నీళ్లు పంచాయి. పెద్ద కాలువ నుంచి పిల్ల కాలువలు, పిల్ల కాలువ నుంచి కయ్యల్లోకి మడవలు. నీరు పెట్టే దారి ఒకటైతే వాడిన నీరు తీసే దారి ఇంకొకటి. ఆ మురుగు కాలువలు పల్లం వెంట తూర్పుకు నడిచి చివరకు బకింగ్‌హాం కాలువలోనో, సముద్రపు పాయల్లోనో కలుస్తాయి. చెరువులకు కలుజులు, కలుజు నీటికి వాగులు. శతాబ్దంన్నర పాటు రైతులూ ఇంజినీర్లూ కలిసి నేల వాలు తెలుసుకుని గీసిన దారులివి.

ఆ కయ్యలు ప్లాట్లయ్యాయి. భూమి వినియోగం మారుస్తూ సర్కారు ఉత్తర్వు ఇచ్చినా నీటి దారి మారదు. లేఅవుట్ వేసినవారు పంట కాలువలో రెండు వరసల సిమెంటు తూములు పరిచి, గ్రావెల్ తోలి, పైన రోడ్డు వేస్తారు. కొన్నిచోట్ల తూములు కూడా లేకుండా పూడ్చేస్తారు. నగరం లోపల ఉయ్యాలకాలువ, గచ్చుకాలువ, మల్లప్పకాలువ, రామిరెడ్డికాలువ అన్న పేర్లు జనం నోట ఉన్నాయిగానీ ఆ కాలువల ఒడ్డులు చాలాచోట్ల మెట్ల కిందా, ప్రహరీల కిందా, దుకాణాల కిందా చేరిపోయాయి. 2015 నవంబరు వానలకు నెల్లూరు మునిగినప్పుడు ఈ ఆక్రమణల మాట గట్టిగానే వినిపించింది. 2021 నవంబరులో సోమశిల నుంచి వచ్చిన పెన్న వరద పడుగుపాడు దగ్గర రైలు కట్టను కోసేసి, నది ఒడ్డు కాలనీలను ముంచినప్పుడు మళ్లీ వినిపించింది. వరద తీశాక ఆ మాట చల్లబడుతుంది. కనబడే కాలువ గతే ఇలా ఉంటే కనబడని దాన్ని తలిచేదెవరు?

స్థలం కొనే వారికి ఇక్కడ ఒక దారి ఉంది, ఖర్చు లేనిది. తాజా దస్తావేజు కాకుండా నలభై యాభై ఏళ్ల కిందటి లింకు డాక్యుమెంట్లు తీసి చెక్కుబందీలు వరుసగా చదవాలి. 1970ల నాటి కాగితంలో ‘ఉత్తరం: పంట కాలువ’ అని ఉండి, తర్వాతి దాంట్లో అదే దిక్కున ‘దారి’ అని మారి, చివరి దాంట్లో ‘20 అడుగుల రోడ్డు’ అయిందంటే ఆ కాలువ ఎక్కడికీ పోలేదు, రోడ్డు కిందనే ఉంది. రెవెన్యూ రికార్డుల్లో ఎఫ్ఎంబీ (క్షేత్ర కొలతల పుస్తకం) పటం తీసి చూస్తే సర్వే నంబరు మధ్యలోంచి సన్నగా పోయే సబ్‌డివిజన్ చీలిక కనబడొచ్చు. ఆర్ఎస్ఆర్‌లో (రీసెటిల్‌మెంట్ రిజిస్టర్‌లో) దాని ఎదుట కాలువ పోరంబోకు అనో, వాగు పోరంబోకు అనో ఉంటుంది. గ్రామ పటం మీద ఆ చీలికను ఎగువకూ దిగువకూ వేలితో పట్టుకుపోతే నీరు ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తుందో తేలుతుంది. స్థలాలు కొనేవారు టైటిల్ కోసం ఈ కాగితాలన్నీ ఎలాగూ తీయిస్తారు. వాటిని నీటి కోసం చదివేవారు అరుదు.

ఈ పాత పటాల మీద ఇంతగా ఆధారపడటానికి కారణం కొత్తవాటిలో ఆ సంగతి లేకపోవడమే. 2020 డిసెంబరు 21న అప్పటి కృష్ణా జిల్లా తక్కెళ్లపాడులో మొదలుపెట్టి రాష్ట్రంలో డ్రోన్లతో భూముల రీసర్వే చేపట్టారు. డ్రోను చూసేది నేల ఉపరితలం. అమృత్ పథకం కింద పట్టణాలకు తయారు చేయించే జీఐఎస్ మూల పటాల ప్రమాణం 1:4000. అంటే పటంలో ఒక మిల్లీమీటరు నేల మీద నాలుగు మీటర్లు. మాస్టర్ ప్లానుకు అది చాలు. పునాది గుంత పైపుకు ఇటు పడాలా అటు పడాలా అన్నది తేల్చడానికి అడుగుల్లో లెక్క కావాలి. భూమి హద్దుల కోసం ఇంత శ్రమ పడిన రాష్ట్రం, అదే భూమికి అడుగున తానే వేయించిన పైపుల పటాన్ని పౌరుడి చేతికందేలా పెట్టలేదు.

పైపు మీద పునాది పడితే ఏమవుతుందన్నది చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. బరువుకు పైపు నలుగుతుంది, మార్చుకుంటే సరి అనుకుంటారు. తీరప్రాంతపు ఇసుక నేలలో జరిగేది అంతకంటే లోతైన నష్టం. ఫుటింగ్ బరువు నిట్టనిలువుగా దిగదు, రెండు పక్కలకు ఏటవాలుగా విచ్చుకుంటూ దిగుతుంది. ఆ వాలులో పైపు పడితే దాని అతుకులు జారతాయి. నెల్లూరు తూర్పు మండలాల్లో నీటిమట్టం నేలకు బాగా దగ్గర. ఒకప్పుడు దొరువులు తవ్వి తోటలకు నీళ్లు తోడుకున్న ఊళ్లివి, ఇప్పటికీ ఫిల్టర్ పాయింట్లతో నీళ్లు తీస్తున్నారు. వానాకాలంలో మట్టం పైపు కంటే పైకి లేచినప్పుడు తెరుచుకున్న అతుకులోంచి మురుగు బయటికి రావడం ఆగి, భూగర్భ జలమే లోపలికి చొరబడుతుంది. చొరబడేటప్పుడు సన్న ఇసుకను వెంట తీసుకుపోతుంది. ఆ ఇసుక పైపులో కొట్టుకుపోయిన కొద్దీ పైన నేలలో ఖాళీ ఏర్పడుతుంది. గచ్చు సిమెంటుది కాబట్టి కొంతకాలం ఆ ఖాళీ మీద వంతెన వేసినట్టు నిలుస్తుంది. ఒకనాడు కుంగుతుంది. వేసవిలో మట్టం దిగినప్పుడు అదే అతుకు మురుగును ఇసుకలోకి వదులుతుంది, పక్కింటి ఫిల్టర్ పాయింటుకు చేరుస్తుంది. ఇలా ఒకే పగులు ఒక కాలంలో ఇంటిని తింటే ఇంకో కాలంలో తాగే నీటిని చెడగొడుతుంది.

కాలువ కాస్త పెద్దదైతే నష్టం ఒక ఇంటితో ఆగదు. 2022 డిసెంబరు 23న హైదరాబాద్ గోషామహల్‌లోని చాక్నవాడిలో నాలా మీద వేసిన రోడ్డు ఉన్నట్టుండి కూలింది. ఆ రోజు సంత. వాహనాలు, బండ్లు, మనుషులు నాలాలో పడ్డారు. కప్పేసిన కాలువ పైన ఏళ్ల తరబడి మామూలు వీధిలాగే కనబడింది, జనం దాన్ని వీధిగానే వాడుకున్నారు. నెల్లూరు లేఅవుట్లలో తూముల మీద వేసిన గ్రావెల్ రోడ్లకు అంత లోతు లేకపోవచ్చు. కంకర లారీ, రెడీమిక్స్ బండి ఆ రోడ్ల మీదే ఇంటి పనికి వస్తాయన్నది మాత్రం మరువరాదు.

మనుషుల ప్రాణాలకు ముప్పు తెచ్చేది మాత్రం మూసి మరిచిపోయిన సెప్టిక్ గుంట. పాత ఇళ్లలో ట్యాంకు నిండినప్పుడు పక్కన ఇంకొకటి కట్టి, మొదటిదాని మీద బండలు పరిచి మట్టి కప్పేసిన సందర్భాలు కొల్లలు. ఆ ఇల్లు చేతులు మారాక కొత్తవారికి ఆ సంగతి తెలియదు. గుంతలో దిగిన కూలీ కాలి కింద బండ విరిగితే అతను పడేది హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువులోకి. అది గాలికంటే బరువైనది, గుంత అడుగునే పేరుకుంటుంది. తక్కువ మోతాదులో కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంది. మోతాదు పెరిగితే ముక్కు వాసన పట్టే శక్తినే చంపేస్తుంది, కాబట్టి ప్రమాదం తెలియదు. అతన్ని కాపాడబోయి రెండోవాడు దిగుతాడు. దేశంలో సెప్టిక్ ట్యాంకు మరణాల్లో ఒకరి వెంట ఒకరు పోవడం పదేపదే చూస్తున్నాం. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మురుగు కాలువలోకో, సెప్టిక్ ట్యాంకులోకో దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. అలా చనిపోయిన వారి కుటుంబాలకు 10 లక్షల రూపాయలు ఇవ్వాలని 2014 మార్చి 27న సుప్రీంకోర్టు చెప్పింది, 2023 అక్టోబరు 20 నాటి తీర్పులో దాన్ని 30 లక్షలు చేసింది. శుభ్రం చేయడానికి దిగినవారి కోసం వచ్చిన రక్షణ ఇది. పునాది తవ్వుతూ తెలియక అందులో పడిన అడ్డా కూలీ పేరు మామూలు ప్రమాదాల లెక్కలో కలిసిపోతుంది. అతనికి ఆ గుంట ఉందని ముందే చెప్పి ఉంటే చాలు.

వెతకడం ఎలా అన్నది ఇక చూద్దాం. దీనికి పెద్ద యంత్రాలు కావాలని కొందరు, అదంతా మేస్త్రి అనుభవానికి తెలుస్తుందని కొందరు అంటారు. రెండూ సగం నిజాలు. మొదట కావలసింది సమయం. నెల్లూరుకు ఎక్కువ వాన ఇచ్చేది ఈశాన్య రుతుపవనం, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మాఘంలో ముగ్గు పోయాలనుకునేవారు కార్తీకపు ముసుర్లో ఒకసారి గొడుగు పట్టుకుని ఆ స్థలంలో నిలబడాలి. నీరు ఏ మూల నిలుస్తోంది, ఎటు జారుతోంది, వాన వెలిశాక ఏ చార పచ్చగా మిగిలింది, ఎక్కడ నేల మెత్తగా దిగుతోంది అన్నవి ఆ రోజుల్లో దొరికే సమాచారం. వేసవిలో ఎండిన నేల ఇవేవీ చెప్పదు.

పాత ఇల్లు పడగొట్టి కట్టేవారైతే కూల్చకముందే చూడాలి. ఇల్లు కూలిందంటే ఆనవాళ్లూ పోతాయి. మరుగుదొడ్డి బేసిన్ ఎక్కడ, గాలి గొట్టం ఎక్కడ, స్నానాల గది నీరు ఏ గోడ కింద నుంచి బయటికి పోతోంది అని కాగితం మీద గీసుకోవాలి. మన ఇళ్లలో వాస్తు పట్టింపు ఇక్కడ బాగా పనికొస్తుంది. సంపు, బోరు ఈశాన్యంలో, సెప్టిక్ ట్యాంకు వాయవ్యంలోనో ఉత్తరం మధ్యలోనో పెట్టడం చాలాకాలంగా ఉన్న అలవాటు. నమ్మకం ఉన్నా లేకున్నా పాత గుంట కోసం మొదట గడ్డపార దింపి చూడాల్సింది ఆ వాయవ్యంలోనే. పెరటి వైపు సందు ఉంటే ఇంకా జాగ్రత్త. మూలాపేట, రంగనాయకులపేట, స్టోన్‌హౌస్‌పేట వంటి పాత పేటల్లో ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. అలాంటిచోట ఒకరి మురుగు ఇంకొకరి పెరట్లోంచి పోవడంలో ఆశ్చర్యం లేదు.

తర్వాత ఛాంబర్లు. ఇంటి ఎగువన ఒకటి, దిగువన ఒకటి మూతలు తీయించి, తీసిన తర్వాత కొంతసేపు గాలి ఆడనిచ్చి, ఎవరూ లోపలికి దిగకుండా పై నుంచే పైపు అడుగు ఎంత లోతులో ఉందో కర్రతో కొలవాలి. నేల ఎగుడుదిగుళ్లు లెక్కలోకి రావాలంటే మేస్త్రి లెవెల్ చూసే పారదర్శక నీటి గొట్టం సరిపోతుంది. ఎగువ ఛాంబరులో పైపు అడుగు 60 సెంటీమీటర్ల లోతున, 12 మీటర్ల దూరంలోని దిగువ ఛాంబరులో 90 సెంటీమీటర్ల లోతున ఉందనుకుందాం. నేల సమంగా ఉండి, పైపు తిన్నగా ఉంటే మధ్యలో అది 75 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. మురుగు పైపుకు వాలు తప్పదు కాబట్టి ఈ లెక్క తప్పడానికి అవకాశం తక్కువ. రెండు ఛాంబర్ల మధ్య దారం కట్టి సున్నం చల్లితే పైపు దారి నేల మీదకు వచ్చేస్తుంది. ఎగువ ఛాంబరులో రంగు కలిపిన నీళ్లు పోసి దిగువన అదే రంగు వస్తోందో లేదో చూడాలి. రాకపోతే పైపు మధ్యలో ఎటో మళ్లింది, లేదా ఎక్కడో పగిలి నేలలోకి పోతోంది. పక్కవారి ఇంట్లోనూ అదే రంగు నీళ్లు పోసి చూస్తే ఎవరి పైపు ఎవరి స్థలంలో ఉందో తేలిపోతుంది. పక్కవారి సమక్షంలో, వారి అనుమతితో చేయాల్సిన పని ఇది. రేపటి తగాదా సగం అక్కడే తీరుతుంది.

యంత్రాల సంగతికొస్తే ఒక హెచ్చరిక అవసరం. లోహపు పైపును పట్టే సాధనాలు ఉన్నాయిగానీ మన మురుగు పైపులు పింగాణీ, సిమెంటు, పీవీసీవి. వాటిని పట్టాలంటే పైపు లోపలికి సంకేతం పంపే చిన్న పరికరాన్ని కడ్డీతో తోసి, పైన నేల మీద దాన్ని వెంబడించాలి. నేలలోకి రాడార్ తరంగాలు పంపి చూసే యంత్రాన్ని ఇప్పుడు పెద్ద పనులకు వాడుతున్నారు. పొడి ఇసుకలో అది కొన్ని మీటర్ల లోతు చూపగలదు. ఉప్పునీటితో తడిసిన నేలలో, బంకమట్టిలో తరంగాలు త్వరగా చచ్చిపోతాయి. చూపు ఒక మీటరు లోపే ఆగిపోవచ్చు. మైపాడు, కోడూరు, కృష్ణపట్నం వైపు ఉప్పు ఊరే నేలలో, రొయ్యల గుంటల పక్కన వెలిసిన ప్లాట్లలో ఈ యంత్రం తెచ్చి ‘అడుగున ఏమీ లేదు’ అని ఎవరైనా కాగితం ఇస్తే నమ్మరాదు. ఏమీ కనబడలేదంటే ఏమీ లేదని కాదు. రొయ్యల సాగున్న చోట ఇంకో సంగతి కూడా చూడాలి. గుంటలకు ఉప్పునీరు తెచ్చే, వాడిన నీరు తీసే పైపులు పొలం గట్లకు అడ్డంగా పోతాయి. సాగు ఆగిపోయినా పైపు అక్కడే ఉంటుంది. ఇలాంటి పైపుల గురించి తెలిసేది వాటిని వేసిన మనుషులకే. ఊళ్లో నీళ్లు వదిలే పనిచేసిన పెద్దవాళ్లను, పాత పంచాయతీ ప్లంబరును అడగడం యంత్రం కంటే ముందు చేయాల్సిన పని.

ఇదంతా ఒక కుటుంబం చేసుకోగలిగిన వెతుకులాట. దాని హద్దులు దానికున్నాయి. వీధి కిందికి వెళ్లేసరికి ప్రభుత్వం తప్ప ఇంకెవరూ చెప్పలేరు. ఇక్కడే నెల్లూరుకు మంచి అవకాశం వచ్చింది. హడ్కో రుణంతో నగరంలో తాగునీటికీ, భూగర్భ డ్రైనేజీకీ పెద్ద ఎత్తున పనులు చేపట్టారు. ఏళ్ల తరబడి రోడ్లు తవ్వారు, జనం దుమ్మూ బురదా భరించారు. ఆ పైపులు ఏ వీధిలో ఏ లోతున ఉన్నాయో, మ్యాన్‌హోళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో వేసినవారికి తెలుసు. అనుకున్న డిజైను పటం వేరు, పని పూర్తయినప్పటి పటం వేరు. వీధిలో పాత నీటి పైపు అడ్డొచ్చిందని రెండడుగులు పక్కకు జరిపిన సంగతి, బండ తగిలిందని లోతు తగ్గించిన సంగతి రెండోదాంట్లోనే ఉంటాయి. ఆ రెండో పటం కార్పొరేషన్ దగ్గర ఉంటే దాన్ని పౌరుడు చూడగలగాలి.

కొత్త డ్రైనేజీ మరో పనిని కూడా మిగులుస్తుంది. ఇంటి కనెక్షన్ వీధి మ్యాన్‌హోల్‌కు కలిపిన రోజున ఆ ఇంటి సెప్టిక్ ట్యాంకు పనిలేనిదవుతుంది. దాన్ని ఖాళీ చేయించి, అడుగు పగలగొట్టి, ఇసుకతో నింపి, స్థలం పటంలో గుర్తు పెట్టడం కనెక్షన్ పనిలో భాగం కావాలి. అలా చేయకపోతే నగరంలో ఇన్ని వేల కనెక్షన్లు ఇచ్చామని చెప్పుకునే ప్రతి అంకె వెనుకా అన్ని వేల మూసిన గుంటలు ఉంటాయి.

తవ్వే ముందు అడగడమన్న పద్ధతి దేశంలో లేకపోలేదు. టెలికాం శాఖ చొరవతో 2023 మార్చి 22న ప్రధాని ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్‌ను ప్రారంభించారు. సమాచారం లేని తవ్వకాల వల్ల ఏటా సుమారు 10 లక్షల చోట్ల ఆప్టికల్ ఫైబర్ తెగుతోందని, నష్టం 3,000 కోట్ల రూపాయలని అప్పుడు కేంద్రం లెక్క చెప్పింది. తవ్వే సంస్థ ముందుగా తెలియజేయాలని నిబంధనలూ తెచ్చింది. కేబుల్ తెగితే నష్టపోయే కంపెనీ వెంటనే లెక్క వేసుకుంటుంది, అందుకే దాని కోసం వ్యవస్థ కదిలింది. మురుగు పైపు పగిలితే నష్టం పక్కింటివారికి, కూలీకి, భూగర్భ జలానికి చెల్లాచెదురవుతుంది. లెక్కగట్టి అడిగేవారు లేరు. ఆ యాప్‌లోకి పట్టణాల మురుగు కాలువల వివరాలు పూర్తిగా చేర్చడం మున్సిపల్ శాఖ పట్టుబట్టి చేయాల్సిన పని.

డల్లాస్‌లో ఇల్లు కొనుక్కున్న మన తెలుగువారు పెరట్లో కంచె గుంజ పాతాలన్నా 811కి ఫోన్ చేస్తారు. సంస్థలవాళ్లు వచ్చి నేల మీద రంగులు చల్లి పోతారు. పచ్చరంగు మురుగుకు, నీలం తాగునీటికి, పసుపు గ్యాసుకు, ఎరుపు కరెంటుకు. అయితే ఇంటి నుంచి వీధి పైపు దాకా వచ్చే సొంత పైపును చాలాచోట్ల వాళ్లూ గుర్తించరు, అది ఇంటివారి బాధ్యత. ఇంగ్లండ్‌లో పద్ధతి ఇంకో అడుగు ముందుంది. ప్రజా మురుగు పైపుకు మూడు మీటర్ల లోపల గది కట్టాలంటే నీటి కంపెనీ ఒప్పుకోలు కావాలి. 2011 అక్టోబరు 1 నుంచి అక్కడ పలు ఇళ్లు ఉమ్మడిగా వాడే ప్రైవేటు పైపులను కంపెనీలకే అప్పగించారు. ఉమ్మడి పైపు ఎవరిదీ కాకుండా మిగిలిపోయే ఇబ్బంది చాలావరకు తీరింది. మూలాపేట సందులకు కావలసింది ఆ ఆలోచన.

మన చట్టంలోనూ ఆధారాలు లేకపోలేదు. కార్పొరేషన్ కాలువ మీద అనుమతి లేకుండా కట్టడం నేరమే. 2017 నాటి రాష్ట్ర భవన నిబంధనల ప్రకారం 10 మీటర్లకు మించి వెడల్పున్న కాలువ, వాగు, నాలా, వాననీటి కాలువ అంచు నుంచి 9 మీటర్లు, అంతకంటే ఇరుకైన వాటి నుంచి 2 మీటర్లు వదలాలి. కాలువ తెరిచి ఉన్నంతకాలం ఈ కొలత అర్థమవుతుంది. తూముల్లో పెట్టి మట్టి కప్పాక అంచు ఎక్కడిది? దరఖాస్తు పటంలో ఆ కాలువే కనబడదు, కనబడని దానికి దూరం ఎవరూ కొలవరు. పైగా 2025లో రాష్ట్రం ఎత్తైనవి కాని భవనాలకు స్వీయ ధ్రువీకరణ తెచ్చింది. అనుమతుల కోసం జనం పడే తిప్పలు తగ్గడం మంచిదే. అయితే ధ్రువీకరించే ఇంజినీరుకు అడుగున ఏముందో తెలిపే పటం ఇవ్వకుండా సంతకం పెట్టమంటే ఆ సంతకానికి బలం ఉండదు. ఆన్‌లైన్ దరఖాస్తులో స్థలం గుర్తించగానే దాని చుట్టూ ఉన్న మురుగు, వాననీటి పైపుల దారీ లోతూ తెరమీద రావాలి.

ఇరవై ఏళ్లకు పైగా పక్కవారి మురుగు మన స్థలంలోంచి పోతుంటే దాన్ని మూసేయడం అంత తేలిక కాదన్న సంగతి కూడా చాలామందికి తెలియదు. 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం శాంతియుతంగా, బహిరంగంగా, హక్కుగా, ఆటంకం లేకుండా ఇరవై ఏళ్లు సాగిన వాడుక హక్కవుతుంది. నేలలో దాగిన పైపును బహిరంగ వాడుక అనవచ్చా అన్న వాదన కోర్టులో ఏళ్లు నడుస్తుంది, ఆలోగా ఇంటి పని నిలిచిపోతుంది. పునాదికి ముందే దొరికిన పైపును స్థలం అంచు వెంట మళ్లించి, రెండు చివర్లా ఛాంబరు కట్టి, ఇరువర్గాలూ ఒప్పంద పత్రం రాసుకుంటే అయ్యే ఖర్చు కోర్టు ఖర్చు ముందు ఏపాటిది?

పేదవారి కాలనీల లెక్క వేరు. 2020 డిసెంబరు 25న మొదలై రాష్ట్రంలో 30 లక్షలకు పైగా ఇళ్ల పట్టాలిచ్చారు. పట్టణాల్లో సెంటు, పల్లెల్లో సెంటున్నర. సెంటంటే 48 చదరపు గజాలకు కాస్త ఎక్కువ, చతురస్రంగా ఉంటే ఒక్కో పక్క ఆరున్నర మీటర్ల లోపు. భారతీయ ప్రమాణాల సంస్థ నియమం ఇంకుడు గుంత నివాసానికి 6 మీటర్లు, తాగునీటి బావికి 18 మీటర్ల దూరంలో ఉండాలంటుంది. సెంటు స్థలంలో ఇల్లు కట్టుకున్న మనిషి ఈ నియమం ఎలా పాటిస్తాడు? అతని గుంత పక్కవాడి గోడ కింద ఉంటుంది, పక్కవాడిది ఇతని పడకగది పక్కన. ఇక ముందు పట్టణాల్లో రెండు సెంట్లు, పల్లెల్లో మూడు సెంట్లు ఇస్తామని ప్రస్తుత ప్రభుత్వం చెప్పింది. రెండు సెంట్లలోనూ ఆ దూరాలు కుదరవు. ఇలాంటి కాలనీలకు ఉమ్మడి మురుగు పైపు ఇళ్లకంటే ముందు పడాలి, దాని పటం పట్టాతో పాటు చేతికివ్వాలి. నది ఒడ్డున, కాలువ వారన స్థలం కేటాయించే ముందు పాత గ్రామ పటం తెరిచి చూడటం అధికారులు తప్పించుకోరాని పని.

వ్యవస్థ కొత్తగా కట్టక్కర్లేదు. 2019 అక్టోబరు 2 నుంచి వార్డు సచివాలయాల్లో సౌకర్యాల కార్యదర్శి, ప్రణాళిక కార్యదర్శి ఉన్నారు. గ్రామాల్లో ఇంజినీరింగ్ అసిస్టెంటు, సర్వేయరు ఉన్నారు. ముగ్గు పోసే ముందు ఇంటి యజమాని ఒక అర్జీ పెడితే వాళ్లు వచ్చి ఎగువ దిగువ మ్యాన్‌హోళ్ల మూతలు తీయించి లోతులు కొలిచి, పాత పటం పక్కన పెట్టుకుని, నేల మీద పచ్చరంగు గీత గీయాలి. గీత ఫోటో, కొలతలు ప్లాను కాగితానికి జత కావాలి. పునాది గుంతలో అనుకోని పైపు దొరికితే దాన్ని మూసేయకుండా అదే కాగితంలో ఎక్కించే వీలుండాలి. యజమాని భయపడి దాచకుండా ఉండాలంటే అలా చెప్పినవారికి జరిమానా వేయకుండా, పైపు మళ్లింపుకు సాయం చేయాలి. రోజూ పదుల చోట్ల తవ్వే నగరంలో ఇలా ఎక్కే ఒక్కో పైపుతో పటం దానంతటదే నిండుతుంది.

వీటన్నిటికంటే ముందు చేయాల్సింది భూగర్భ డ్రైనేజీ కాంట్రాక్టుల దగ్గరే ఉంది. ప్రతి మ్యాన్‌హోల్‌కూ అక్షాంశ రేఖాంశాలు, పైపు అడుగు మట్టం, పైపు కొలత, రకం రాసిన తుది పటాన్ని కార్పొరేషన్ ఇంజినీర్లు వీధిలో నిలబడి సరిచూసుకుని, అన్ని డివిజన్ల సచివాలయాల్లోనూ పెట్టిన తర్వాతే కాంట్రాక్టరుకు తుది బిల్లు చెల్లించాలి.